దాడి చేసినవాళ్లు దొరక్కపోయినా పరిహారం అడగవచ్చు: మా తమ్ముడి ఫైలు పట్టుకుని తిరిగి నేర్చుకున్నవి

మా తమ్ముడు ఏసీ మెకానిక్. 2022 ఏప్రిల్‌లో, మంచి సీజన్ మీద ఉన్నప్పుడు, రాత్రి పదకొండున్నరకు ఒక లాడ్జిలో పని ముగించుకుని బైక్ మీద ఇంటికి వస్తుంటే బైపాస్ దగ్గర ఇద్దరు ఆపారు. ఫోను, జేబులో ఉన్న డబ్బు లాక్కున్నారు. కత్తి మెడ మీదికి వస్తుంటే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి అరచేతిలో నరాలు తెగాయి. రెండు ఆపరేషన్లు అయ్యాయి. మూడు వేళ్లు ఈ రోజుకీ పూర్తిగా ముడుచుకోవు. స్క్రూడ్రైవర్ గట్టిగా పట్టలేడు. ఆ ఇద్దరు దొరకలేదు. కొన్నాళ్లకు కేసు మూసేసినట్టు నోటీసు వచ్చింది.

మేం స్టేషన్‌కు వెళ్లి ఏమైనా సాయం ఉంటుందా అని అడిగితే, "ముద్దాయిలు దొరికితే సొమ్ము రికవరీ చేసి ఇస్తామమ్మా" అన్నారు. ఆ మాటే చట్టమని నమ్మాం. ఏడాదిన్నర అలాగే కూర్చున్నాం. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి, వాడి పెళ్లి మాటలు ఆగిపోయాయి, ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాం.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. 2023లో మా స్కూల్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. వచ్చిన జడ్జిగారు పిల్లలకు అర్థమయ్యేలా చెబుతూ, నేరం చేసినవాడెవరో తెలియకపోయినా బాధితుడు ప్రభుత్వాన్ని పరిహారం అడగవచ్చని అన్నారు. ఎక్కడో వెనక వరుసలో పిల్లల్ని కూర్చోబెడుతున్న నేను అక్కడే ఆగిపోయాను. సదస్సు అయ్యాక కారు దగ్గరికి వెళ్లి తమ్ముడి సంగతి చెప్పాను. "రేపే ఆఫీసుకు పంపించండి" అన్నారు. అలా మొదలైంది. తర్వాత నేనే పారా లీగల్ వాలంటీర్‌గా శిక్షణ తీసుకున్నాను. అప్పటి నుంచి సెలవు రోజుల్లో ఇలాంటి ఇళ్లకు వెళ్లి కాగితాలు సర్దిపెడుతున్నాను. మేం పోగొట్టుకున్న ఏడాదిన్నర ఇంకొకరు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక భయం తీరాలి

ఏ ఇంటికి వెళ్లినా మొదట వచ్చే మాట ఇదే: "డబ్బు తీసుకుంటే కేసు పోతుందంట కదా, మేడమ్?"

ఈ భయం ఊరికే పుట్టలేదు. పరిహారం దరఖాస్తు ఇవ్వాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. దాన్ని మన జనం "లోక్ అదాలత్ ఆఫీసు" అంటారు. లోక్ అదాలత్ అంటే రాజీలు జరిగే చోటని అందరికీ తెలుసు. అందుకే అక్కడికి వెళ్లి డబ్బు మాట ఎత్తితే, సంతకం పెట్టించుకుని కేసు కొట్టేస్తారనుకుంటారు. ఒక తల్లి అయితే, "నా బిడ్డ ప్రాణానికి వెల కట్టమంటావా" అని నన్ను గుమ్మంలోంచే పంపించేసింది. ఆమె బాధ న్యాయమైనదే. కానీ ఆ డబ్బు వేరు, ఈ డబ్బు వేరు.

ముద్దాయి తరఫువాళ్లు పెద్దమనుషుల్ని పెట్టి ఇస్తామనేది రాజీ సొమ్ము. నేను చెప్పేది రాష్ట్ర ప్రభుత్వ నిధి నుంచి వచ్చే పరిహారం. దానికీ కేసు వెనక్కి తీసుకోవడానికీ సంబంధమే లేదు. పైగా, బాధితులు పోలీసులకూ ప్రాసిక్యూషన్‌కూ సహకరించాలని చాలా రాష్ట్రాల స్కీముల్లో షరతు ఉంది. అంటే పరిహారం తీసుకున్నవాళ్లు కేసులో గట్టిగా నిలబడాలనే చట్టం కోరుతోంది.

ఆ చట్టం ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, ఎవరైనా ఎదురు చెబితే మీ దగ్గర సమాధానం ఉండాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 357ఏ సెక్షన్ 2009 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 396 సెక్షన్. ప్రతి రాష్ట్రం బాధితుల కోసం స్కీము పెట్టి నిధి ఉంచాలని ఇది చెబుతుంది. తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ సొంత స్కీములు ఉన్నాయి. ముద్దాయి ఎవరో తెలియక విచారణే జరగకపోతే బాధితులు లేదా వాళ్ల మీద ఆధారపడినవాళ్లు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. విచారణ జరిగి ముద్దాయిని వదిలేసినా సరే, బాధితుడికి పునరావాసం అవసరమనిపిస్తే కోర్టు సిఫారసు చేయవచ్చు. కేసు నడుస్తుండగానే మధ్యంతర సాయం అవసరమా అని కోర్టులు చూడాలని 2014లో సురేశ్ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "తీర్పు వచ్చాక రండి" అని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోవద్దు.

మొదటి వారంలో చేతికి రావాల్సిన కాగితాలు

దరఖాస్తు ఆరు నెలల తర్వాత పెట్టినా, దాన్ని నిలబెట్టే కాగితాలు మొదటి వారంలోనే పుడతాయి. ఇది నేను ఎక్కువసార్లు చూసిన కష్టం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్‌లోనైనా తీసుకుని తర్వాత బదిలీ చేయాలి. కాపీ చేతికి రాగానే చదవండి. పేరు, వయసు, దెబ్బ ఎక్కడ తగిలింది, దేనితో కొట్టారు అన్నవి సరిగ్గా ఉన్నాయా చూడండి. తమ్ముడి ఎఫ్‌ఐఆర్‌లో "ఎడమ చేతికి స్వల్ప గాయం" అని పడింది. తెగింది కుడి చెయ్యి. ఆ ఒక్క మాట సరిచేయించడానికి ఆస్పత్రి కాగితాలు పట్టుకుని నాలుగుసార్లు తిరిగాం.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడు "దాడిలో తగిలింది" అని చెప్పి ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు కాగితం రాయించండి. కంగారులో చాలామంది "బండి మీద నుంచి పడ్డాడు" అని చెప్పేస్తారు, పోలీసు గొడవ ఎందుకని. తర్వాత ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది. డిశ్చార్జి సమ్మరీ, గాయాల సర్టిఫికెట్, ప్రతి బిల్లు, మందుల షాపు చీటీతో సహా ఒక కవర్లో వేయండి. మందుల షాపు బిల్లుల మీద ఇంకు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, వచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. కట్టు విప్పినప్పుడల్లా గాయం ఫొటో తీసి పెట్టుకోండి. చూడటానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ ఆ ఫొటోలే తర్వాత పనికొచ్చాయి.

యాసిడ్ దాడి, అత్యాచారం కేసుల్లో ప్రభుత్వ ఆస్పత్రి గానీ ప్రైవేటు ఆస్పత్రి గానీ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకు తెలపాలి. చేయకపోతే బాధ్యులకు ఏడాది వరకు జైలు ఉంది. అడ్వాన్సు కట్టమని ఎవరైనా అంటే ఈ సంగతి గట్టిగా చెప్పండి. మిగతా కేసుల్లో కూడా స్టేషన్ ఆఫీసర్ లేదా మేజిస్ట్రేట్ సర్టిఫికెట్ ఇస్తే, ప్రథమ చికిత్సకూ వైద్యానికీ వెంటనే ఉచిత సాయం ఇప్పించే అధికారం న్యాయ సేవాధికార సంస్థకు ఉంది.

శరీరంలో లోపం మిగిలిపోతే వైకల్య శాతం చూపే సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర సదరం సర్టిఫికెట్ అంటే అందరికీ అర్థమవుతుంది, ఇప్పుడు దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ కూడా వచ్చింది. స్లాట్ దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి గాయం మానగానే బుక్ చేయండి. పరిహారం ఎంత అన్నది చాలావరకు ఆ శాతం మీదే ఆధారపడుతుంది.

ప్రాణం పోయిన ఇంట్లో పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్లో కోడలి పేరు రాయించకుండా వదిలేసిన ఇళ్లు నేను చూశాను. భర్తను పోగొట్టుకున్న అమ్మాయి పేరు ముందు పడాలి, ఆమె పుట్టింట్లో ఉన్నా సరే.

ఎవరు ఏ తలుపు తట్టాలి

అందరికీ మొదటి తలుపు జిల్లా న్యాయ సేవాధికార సంస్థే. కార్యదర్శిగా ఉండేది కూడా ఒక జడ్జే. ఫీజు లేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని కూడా ఇస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లయితే 181కి చేసినా, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇంకో తలుపు కూడా ఉంది, చాలామందికి అది తెలియదు. అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైతే జిల్లా యంత్రాంగం నుంచి వేరే సాయం వస్తుంది. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం హత్య జరిగితే 8,25,000 రూపాయలు. అందులో సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక ఇవ్వాలి. భార్యకు లేదా ఆధారపడినవాళ్లకు నెలకు 5,000 రూపాయల మూల పింఛను, దానిపై కరువు భత్యం కూడా అందులో ఉంది. ఇది రావాలంటే ఎఫ్‌ఐఆర్‌లో ఆ చట్టం సెక్షన్లు ఉండాలి, కుల ధ్రువీకరణ పత్రం జత చేయాలి. సెక్షన్లు పెట్టలేదంటే వెంటనే డీఎస్పీకి, కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మౌఖికంగా చెప్పిన మాటకు తేదీ ఉండదు.

పిల్లల మీద లైంగిక నేరమైతే పోక్సో ప్రత్యేక కోర్టే మధ్యంతర పరిహారం ఇప్పించగలదు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా అడగవచ్చు. 2020 నాటి పోక్సో నిబంధనల ప్రకారం కోర్టు ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ఆ డబ్బు ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో బిడ్డ పేరు, స్కూలు పేరు, వీధి పేరు ఎక్కడా బయటకు రాకూడదు. దరఖాస్తు జిరాక్స్ తీయించే షాపులో కూడా కాగితాలు మీ చేతిలోనే ఉంచుకోండి.

ఆడవాళ్ల విషయంలో అంకెలు

నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన స్కీము 2018 అక్టోబర్ 2 నుంచి దేశమంతటా వర్తిస్తోంది. అది మహిళా బాధితుల కోసం. అందులో ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు. సామూహిక అత్యాచారానికి కూడా అంతే. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు. యాసిడ్‌తో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. వైకల్యం 80 శాతం దాటితే 2 నుంచి 5 లక్షలు. బాధితురాలు మైనర్ అయితే ఆ పరిమితి మీద 50 శాతం పెరుగుతుంది. నేరం జరిగిన నాటి నుంచి లేదా విచారణ ముగిసిన నాటి నుంచి మూడేళ్ల లోపు దరఖాస్తు పెట్టాలి.

యాసిడ్ దాడికి మాత్రం ఇంకా తొందర ఉంది. యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు కనీసం 3 లక్షలు ఇవ్వాలని చెప్పింది. అందులో లక్ష రూపాయలు పదిహేను రోజుల్లో, మిగతా రెండు లక్షలు ఆ తర్వాత రెండు నెలల్లో చేరాలి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి నుంచి ఇంకో లక్షకు కూడా అవకాశం ఉంది. వరంగల్‌లో ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ దాడి జరిగిన 2008 నాటికి ఇవేవీ లేవు. ఆ అమ్మాయిల సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఈ మాట నా మనసులో మెదులుతుంది.

మగవాళ్లకు రాష్ట్ర స్కీము వర్తిస్తుంది. ఏ దెబ్బకు ఎంత, ఎన్నాళ్ల లోపు అడగాలి అన్నవి రాష్ట్ర జీఓలో ఉంటాయి. ఆఫీసులో ఆ జీఓ కాపీ అడిగి తీసుకోండి. గడువు దాటిందేమో అనిపిస్తే మానేయకండి. ఎందుకు ఆలస్యమైందో నిజం రాసి, ఆలస్యాన్ని మన్నించమని అడగండి. మేం అదే చేశాం. "ఇలాంటి స్కీము ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, రెండో ఆపరేషన్ ఫలానా తేదీన జరిగింది" అని రాసి ఆపరేషన్ కాగితం జత చేశాం. మన్నించారు.

దరఖాస్తులో ఏం రాయాలి

కోర్టు బయట టైపిస్టు ఒకాయన మా దగ్గర మూడు వేలు అడిగి నాలుగు పేజీలు కొట్టాడు. అందులో తమ్ముడి గురించి ఉన్నది రెండు వాక్యాలు, మిగతాదంతా పడికట్టు మాటలే. ఆ కాగితం పక్కన పెట్టి, రాత్రి కూర్చుని తెల్ల కాగితం మీద తెలుగులో నేనే రాశాను. మీరూ అలాగే రాయవచ్చు. ఇదిగో, దాదాపు ఇలా:

"జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి. నేను ఏసీ మెకానిక్‌ని. ఫలానా తేదీ రాత్రి ఫలానా చోట గుర్తు తెలియని ఇద్దరు నన్ను కత్తితో గాయపరిచారు. ఫలానా స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరు ఇది. నిందితులు దొరకలేదని కేసు మూసివేశారు, నోటీసు జత చేశాను. నా కుడి చేతి మూడు వేళ్లు ముడుచుకోవు. నిచ్చెన ఎక్కి యూనిట్ ఎత్తలేను, అందువల్ల నా పని పోయింది. అంతకు ముందు నెలకు సుమారు ఇంత సంపాదించేవాడిని. ఇప్పుడు ఇంత. మా అమ్మ నా మీదే ఆధారపడి ఉంది. వైద్యానికి ఇంత ఖర్చయింది, బిల్లులు జత చేశాను. ఇంకా ఫిజియోథెరపీ అవసరమని డాక్టర్ రాశారు. ఇంతవరకు ఏ ప్రభుత్వ పథకం కింద పరిహారం అందలేదు. నాకు పరిహారం, మధ్యంతర సాయం మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో బరువంతా "ముందు ఏం చేయగలిగేవాడు, ఇప్పుడు ఏం చేయలేడు" అన్న చోట ఉంది. జీతం స్లిప్పు లేనివాళ్లు, అంటే మనలో ఎక్కువమంది, యజమాని దగ్గర ఒక ఉత్తరం తెచ్చుకోవచ్చు, ఫోన్‌పే స్టేట్‌మెంటు తీయించవచ్చు. ఇంటి పనే చేసుకునే ఆడవాళ్లు "నేనేం సంపాదించను" అని రాయకండి. మీరు పడిపోతే వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లను ఎవరు చూశారో, అందుకు ఎంత ఖర్చయిందో రాయండి. నిద్ర పట్టకపోవడం, బయటికి వెళ్లాలంటే వణుకు, ఇవి కూడా గాయాలే. సైకియాట్రిస్టును కలిసి ఉంటే ఆ చీటీ జత చేయండి. తమ్ముడు ఇప్పటికీ రాత్రి వెనక బైక్ చప్పుడు వింటే బండి ఆపేస్తాడు. అది నేను రాస్తానంటే మొదట వద్దన్నాడు, తర్వాత "రాయి అక్కా" అన్నాడు.

వేరే సాయం అంది ఉంటే దాచకండి. అంత మేర సర్దుబాటు చేస్తారు. దాచి దొరికితే మొత్తానికే ముప్పు.

దరఖాస్తు రెండు సెట్లు తీసుకెళ్లి, రెండో దాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. మేం మొదటిసారి అది చేయలేదు. రెండు నెలల తర్వాత అడిగితే "ఎప్పుడిచ్చారు?" అన్నారు, మా దగ్గర జవాబు లేదు. మళ్లీ మొదటి నుంచి ఇవ్వాల్సి వచ్చింది.

ఇచ్చాక

స్టేషన్ నుంచి, ఆస్పత్రి నుంచి రిపోర్టులు తెప్పించుకుంటారు, మిమ్మల్ని పిలిచి మాట్లాడతారు. రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలో ఉంది. మాకు దాదాపు ఐదు నెలలు పట్టింది. ఎక్కువ ఆలస్యం స్టేషన్ రిపోర్టు దగ్గరే జరుగుతుంది, కాబట్టి పదిహేను రోజులకోసారి వెళ్లి అది వచ్చిందా అని అడుగుతూ ఉండండి. ఆఫీసులో "మధ్యంతర సాయం" అన్న మాట తప్పకుండా ఎత్తండి, అడగకపోతే చాలాసార్లు ఆ ఊసే రాదు.

విచారణకు పిలిచిన రోజు టెన్షన్ పడకండి. బోనులో నిలబెట్టరు. తమ్ముడికి కుర్చీ వేసి, చెయ్యి చూపించమన్నారు. పిడికిలి బిగించమన్నారు. వాడు ప్రయత్నించాడు. రెండు వేళ్లు ముడుచుకున్నాయి, మూడు అలాగే నిలబడ్డాయి. కార్యదర్శిగారు కాసేపు రాయడం ఆపారు. నేను గోడవైపు చూశాను.

తిరస్కరిస్తే రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు ఉంటుంది. మహిళల స్కీములో దానికి 30 రోజుల గడువు. తిరస్కరణ ఉత్తర్వు కాపీ ఆ రోజే అడిగి తీసుకోండి.

మాకు ఎంత వచ్చిందో ఇక్కడ రాయను, తమ్ముడికి ఇష్టం లేదు. అమ్మ గాజులు ఇంటికి వచ్చాయి. వాడు ఇప్పుడు ఏసీ స్పేర్ పార్టుల చిన్న షాపు నడుపుతున్నాడు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. డబ్బంతా ఒకేసారి చేతికి రాకపోవచ్చు. మహిళల స్కీములో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, 25 శాతం వాడుకోవడానికి ఇస్తారు. చదువుకో వైద్యానికో అవసరమైతే డిపాజిట్‌లోంచి తీసుకోవడానికి అనుమతి అడగవచ్చు. బాధితురాలి సొంత ఖాతాలోనే పడాలని పట్టుబట్టండి. మామగారి ఖాతా, అన్నయ్య ఖాతా వద్దు. డబ్బు వచ్చిన సంగతి బంధువులకు చెప్పాల్సిన పని లేదు.

చివరగా బ్యాంకు. ఉత్తర్వు వచ్చాక కూడా మా డబ్బు మూడు వారాలు ఆగింది. తమ్ముడి ఖాతాలో ఉన్నది కుడి చేత్తో పెట్టిన పాత సంతకం, ఇప్పుడు పెట్టేది ఎడమ చేత్తో. రెండూ కలవలేదు. చేతికి దెబ్బ తగిలినవాళ్లు దరఖాస్తు ఇచ్చే రోజే బ్యాంకుకు కూడా వెళ్లి, డాక్టర్ చీటీ చూపించి కొత్త సంతకమో వేలిముద్రో నమోదు చేయించుకోండి. ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు ఒకటేనా అని కూడా ఆ రోజే చూసుకోండి.